వీలునామాలో నా పేరుందో లేదో ఎలా తెలుస్తుంది?

న్యాయ సలహా – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే దిగులు గురించి. పోయినవారు వీలునామా రాశారని విన్నాం, ఇంట్లోవాళ్లు చెప్పరు, కాగితం చూపించరు, ఎక్కడ అడగాలో తెలియడం లేదు అని. అందుకే ఈ సంచికలో మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ ఒక్క విషయానికే చోటిచ్చాం. కింద చెప్పినవన్నీ భారతదేశపు చట్టాలు. విదేశాల సంగతి చివరి ప్రశ్నలో ఉంది.

ప్రశ్న: మా మేనత్త నన్ను చిన్నప్పటి నుంచీ దగ్గర పెట్టుకుని పెంచింది. ‘నీకూ ఇంత రాసి పెట్టానురా’ అని చాలాసార్లు అంది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. బావలను అడిగితే వీలునామా లేదు, గీలునామా లేదు అంటున్నారు. నేను ఆవిడకు చట్టప్రకారం వారసుణ్ని కాను. నాకు అడిగే హక్కుందా?

జవాబు: ఉంది. మీరు వారసులా కాదా అన్నది ఈ దశలో అడ్డు కాదు.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. కుటుంబమంతా కూర్చుంటే లాయరు వీలునామా చదివి వినిపించాలన్న నియమం మన చట్టంలో ఎక్కడా లేదు. వీలునామా దగ్గర పెట్టుకున్నవారు అందులో పేరున్నవాళ్లకు కబురు పంపాలన్న నిబంధనా లేదు. ప్రజలందరికీ అందుబాటులో వీలునామాల రిజిస్ట్రీ ఒకటి పెట్టాలన్న ఆలోచన 1925 నాటి భారత వారసత్వ చట్టంలోనే కనిపిస్తుంది. అది ఏర్పడేదాకా ప్రొబేట్ అయిన (అంటే నిజమైనవేనని కోర్టు ధ్రువీకరించిన) అసలు వీలునామాలను జిల్లా కోర్టు తన రికార్డుల్లో భద్రపరచాలని 294వ సెక్షన్ చెబుతుంది. ఆ రిజిస్ట్రీ ఇంకా రాలేదు. కాబట్టి ఎవరో వచ్చి చెబుతారని ఎదురుచూడకండి, మీరే వెతకాలి.

వెతకడానికి మీకున్న గట్టి ఆధారం 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్. రిజిస్టరైన వీలునామాలను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో 3వ పుస్తకంలోకి ఎక్కిస్తారు. రాసినవారు బతికున్నంతకాలం వాటి నకలు వారికి, వారి ఏజెంటుకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. వారు మరణించాక, దరఖాస్తు పెట్టుకున్న ఏ వ్యక్తికైనా ఇవ్వాలి.

మొదట మరణ ధ్రువపత్రం సంపాదించండి. మీ బావలు ఇవ్వకపోయినా ఫరవాలేదు. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కింద ఎవరైనా వెతికించుకుని పత్రం తీసుకోవచ్చు. మరణానికి కారణం మాత్రం అందులో చూపరు. మరణం ఎక్కడ జరిగితే అక్కడి రిజిస్ట్రార్ దగ్గర నమోదవుతుంది. ఆవిడ ఆసుపత్రిలో పోయి ఉంటే ఆ ఆసుపత్రి ఉన్న ఊళ్లో అడగాలి, సొంతూళ్లో కాదు. చాలామంది ఇక్కడే రెండు మూడు వారాలు పోగొట్టుకుంటారు.

తర్వాత ఏ ఆఫీసులో వెతకాలన్నది. ఇల్లు, పొలం అమ్మితే ఆ ఆస్తి ఏ సబ్‌రిజిస్ట్రార్ పరిధిలో ఉందో అక్కడికి వెళ్లడం మనకు అలవాటు. వీలునామాకు ఆ కట్టుబాటు లేదు. 40వ సెక్షన్ ప్రకారం ఏ రిజిస్ట్రార్ దగ్గరైనా, ఏ సబ్‌రిజిస్ట్రార్ దగ్గరైనా దాఖలు చేయవచ్చు. అందుకని ఒక కాగితం మీద రాసుకోండి: ఆవిడ చివరి పదిహేనేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నారు, ఆస్తులు ఎక్కడున్నాయి, వైద్యం కోసం ఎవరింట్లో నెలల తరబడి ఉన్నారు, ఆవిడ నమ్మిన లాయరు లేదా దస్తావేజు లేఖరి ఏ ఊళ్లో పనిచేస్తారు. ఆ ఊళ్ల ఆఫీసులన్నీ మీ జాబితాలోకి వస్తాయి. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసునూ చేర్చండి.

దరఖాస్తు సాదా కాగితం మీద సరిపోతుంది. ‘ఫలానావారు ఫలానా తేదీన మరణించారు. వారు రాసిన వీలునామా గానీ, దాని రద్దు పత్రం గానీ మీ కార్యాలయం 3వ పుస్తకంలో, దాని సూచికలో నమోదై ఉందేమో వెతికి, ఉంటే ధ్రువీకరించిన నకలు ఇప్పించవలసిందిగా, లేకుంటే లేదని రాతపూర్వకంగా తెలుపవలసిందిగా కోరుతున్నాను. రిజిస్ట్రేషన్ చట్టం 57(2), 57(4) సెక్షన్లు’ అని రాస్తే చాలు. మరణ ధ్రువపత్రం నకలు, మీ గుర్తింపు కార్డు నకలు జతచేసి, వెతుకుడు రుసుము, నకలు రుసుము కట్టి రసీదు తీసుకోండి. 57(4) ఎందుకంటే, 3వ పుస్తకాన్ని మీరు తిరగేయడానికి వీల్లేదు, ఆ వెతుకులాట రిజిస్టరింగ్ అధికారే చేయాలి. సెక్షన్ రాసి ఉంటే ఆ బాధ్యత ఎవరిదన్న వాదన తలెత్తదు.

ఆ వెతుకులాట చెడేది ఎక్కువగా పేరు దగ్గర. సూచిక వీలునామా రాసినవారి పేరు మీద నడుస్తుంది. మీ మేనత్త పేరు ఓ చోట అత్తింటి ఇంటిపేరుతో, ఓ చోట పుట్టింటి ఇంటిపేరుతో, ఓ చోట ‘అమ్మ’ కలిపి, ఇంకో చోట ‘దేవి’ కలిపి ఉండొచ్చు. ఆధార్ కార్డులో, పాసుపుస్తకంలో, పాత దస్తావేజుల్లో ఆవిడ పేరు ఎన్ని రకాలుగా ఉందో అన్నీ, భర్త పేరు, తండ్రి పేరుతో సహా దరఖాస్తులో రాయండి. ఒక్క రూపంలోనే వెతికి ‘లేదు’ అని ఇచ్చిన జవాబుకు విలువ తక్కువ.

ఎప్పటివరకు వెతకాలో రాసేటప్పుడు మరణ తేదీ దగ్గర ఆపకండి. వీలునామా కింద తనకు హక్కుందనేవారు, రాసినవారు పోయాక కూడా దాన్ని రిజిస్ట్రేషన్‌కు తేవచ్చని అదే 40వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ‘దరఖాస్తు తేదీ వరకు’ అని రాయండి.

వారసులకే ఇస్తామని కౌంటరు దగ్గర అన్నారనుకోండి. వాదించకండి. దరఖాస్తు ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోండి, లేదా స్పీడ్ పోస్టులో పంపండి. తిరస్కరిస్తే కారణం రాసిమ్మనండి. ఆ కాగితంతో జిల్లా రిజిస్ట్రార్‌ను కలవండి. చాలావరకు సెక్షన్ తెలియక వచ్చే అడ్డే ఇది, పైఅధికారి దగ్గర తేలిపోతుంది.

ఇక నకలు చేతికొచ్చాక ముందు మీ పేరు కోసం చూస్తారు, అది సహజం. ఆ తర్వాత నిదానంగా ఇవి రాసుకోండి: దస్తావేజు నంబరు, సంవత్సరం, సాక్షుల పేర్లు, చిరునామాలు, రాసిన లేఖరి పేరు, వీలునామాను అమలు చేసే మనిషిగా, అంటే ఎగ్జిక్యూటర్‌గా ఎవరినైనా నియమించారా, షెడ్యూలులో సర్వే నంబర్లు. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఈ సాక్షులే మీకు ప్రాణం. వారి వయసు ఎంతో, ఎక్కడున్నారో ఇప్పుడే వాకబు చేయండి.

మొదటి వీలునామా దొరకగానే ఆగొద్దు. రాసినవారు బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చెల్లేది ఆఖరిదే. పైగా రిజిస్టరైన వీలునామాను రిజిస్టర్ కాని తర్వాతి వీలునామాతోనూ రద్దు చేయవచ్చు. 2009లో మీ పేరుండి 2017లో లేకపోతే 2009 నాటి కాగితంతో పని జరగదు. అటుది ఇటూ అవుతుంది.

ప్రశ్న: మా తాతగారి ఇంటికి ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాం. అందులో వీలునామా ఊసే లేదు. అంటే రాయనట్టేనా?

జవాబు: కాదు. ఈసీ 1వ పుస్తకంలోని లావాదేవీలను చూపిస్తుంది – అమ్మకం, తనఖా, దానం, భాగపంపకం లాంటివి. వీలునామా 3వ పుస్తకంలోది, ఈసీలోకి రాదు. కాబట్టి పై జవాబులో చెప్పినట్టు విడిగా దరఖాస్తు పెట్టండి. ఆ ఈసీని మాత్రం పారేయకండి. తాతగారు బతికుండగానే ఆ ఇంటిని ఎవరికైనా గిఫ్టు చేశారా, తాకట్టు పెట్టారా అన్నది అందులోనే తేలుతుంది.

ప్రశ్న: నాన్నగారు ఈమధ్యే వీలునామా రిజిస్టర్ చేయించారు. నా పేరుందో లేదో ఇప్పుడే నకలు తీసి చూడొచ్చా?

జవాబు: వీల్లేదు. ఆయన బతికున్నంతకాలం ఆయన, ఆయన ఏజెంటు తప్ప ఎవరు అడిగినా ఆఫీసు ఇవ్వకూడదు. ఎవరిదైనా పరిచయంతో తీయించుకోవాలని చూడటం ఆయన మనసు నొప్పించడమే తప్ప లాభం లేదు, ఎందుకంటే రేపే ఆయన దాన్ని మార్చేయవచ్చు. అడగదలిస్తే ఒక్కటే అడగండి: అసలు కాగితం ఎక్కడ పెట్టారు, ఎగ్జిక్యూటర్ ఎవరు. లోపల ఏముందో చెప్పకుండానే ఆ రెండూ చెప్పొచ్చు.

ప్రశ్న: మా పెదనాన్న తెల్లకాగితం మీద వీలునామా రాసి ఇద్దరిచేత సంతకాలు పెట్టించారు. సంతకం పెట్టిన ఒకాయనే ఈ మాట చెప్పారు. రిజిస్టర్ చేయలేదట. ఇప్పుడు ఆ కాగితం మా అన్నయ్య దగ్గర ఉందని మా అనుమానం. తెల్లకాగితం చెల్లుతుందా? చూపించకపోతే ఏం చేయాలి?

జవాబు: చెల్లుతుంది. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. వారసత్వ చట్టం 63వ సెక్షన్ కోరేది ఇంతే: రాసినవారి సంతకం లేదా వేలిముద్ర ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఆ సంతకం పెట్టడం చూసి గానీ, ‘ఇది నా సంతకమే’ అని ఆయన నోటితో విని గానీ, ఆయన ఎదుట తామూ సంతకం చేయాలి. ఇద్దరు సాక్షులూ ఒకేసారి ఉండనక్కర్లేదు.

అందుకే ఇంట్లో వెతికేటప్పుడు స్టాంపు పేపర్ల కట్టలే చూడొద్దు. పాత డైరీలు, ఎఫ్‌డీ రసీదుల మధ్య మడతలు, ఎల్‌ఐసీ బాండ్ల కవర్లు, వైద్యం ఫైళ్లు చూడండి. వీలునామా రాసే వయసులో మనిషి మానసికంగా బాగున్నారని డాక్టరు రాసిచ్చిన చీటీ దొరికితే వీలునామా ఉందనడానికి అదే మంచి గుర్తు. సాధారణంగా ఇంకెందుకూ అలాంటి చీటీ తీసుకోరు. ఆయన లాయరును, ఆడిటరును, దస్తావేజు లేఖరిని, టైపు చేసినవారిని కలవండి. ముసాయిదా ఒకటి వారి దగ్గర మిగిలి ఉండొచ్చు. బ్యాంకు లాకరుంటే తెరిచేటప్పుడు సాక్షుల సమక్షంలో రాసే జాబితాలో ‘సీలు వేసిన కవరు’ లాంటిది ఉందేమో గమనించండి, ఆ జాబితా నకలు అడగండి.

ఇక మీ అన్నయ్య విషయం. ముందు లాయరు ద్వారా నోటీసు పంపండి – వీలునామా మీ దగ్గరుందని తెలిసింది, చూపించండి, నకలు ఇవ్వండి అని. జవాబిస్తే ‘ఉంది’ అనో ‘లేదు’ అనో కాగితం మీదకు వస్తుంది. తర్వాత అది మీకు పనికొస్తుంది. కదలకపోతే వారసత్వ చట్టం 267వ సెక్షన్ కింద జిల్లా జడ్జిని ఆశ్రయించవచ్చు. వీలునామాగా చెబుతున్న ఏ కాగితాన్నైనా, అది ఎవరి చేతిలో ఉందని చూపగలిగితే వారిని కోర్టుకు తెమ్మని జడ్జి ఆదేశించవచ్చు. ఆ మనిషి వచ్చి ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిందే. ‘చూపగలిగితే’ అన్నదే ఇందులో కష్టమైన భాగం. ఉట్టి అనుమానం చాలదు. సంతకం పెట్టిన ఆ పెద్దమనిషిచేత ప్రమాణపత్రం రాయించండి – ఏ నెలలో, ఎక్కడ, ఎవరి సమక్షంలో సంతకం జరిగింది, తర్వాత కాగితం ఎవరు తీసుకున్నారు అన్న వివరాలతో. మీ అన్నయ్య ఎప్పుడైనా ఫోన్లో మెసేజీ పెట్టి ఉంటే అది చెరిగిపోకుండా దాచండి, ఆ ఫోన్ మార్చకండి.

కాగితం చింపేశారని తేలినా దారి మూసుకుపోదు. రాసినవారు మరణించాక కాగితం కనబడకుండా పోయినా, ఆయన ప్రమేయం లేకుండా అన్యాయంగానో ప్రమాదవశాత్తో నాశనమైనా, నకలు లేదా ముసాయిదా మిగిలి ఉంటే దాని మీదే ప్రొబేట్ ఇవ్వవచ్చని 237వ సెక్షన్, అదీ లేకుంటే సాక్ష్యంతో విషయం రుజువు చేయవచ్చని 238వ సెక్షన్ చెబుతున్నాయి. అయితే ఆఖరున అది పెదనాన్నగారి బీరువాలోనే ఉండేదంటే, ఆయనే మనసు మార్చుకుని చింపేశారన్న వాదన ఎదురవుతుంది. ఆయన ఇంకెవరికైనా ఇచ్చారని చూపగలిగితే మీ కేసు బలపడుతుంది.

దురుద్దేశంతో వీలునామాను నాశనం చేయడమే కాదు, దాచిపెట్టడం కూడా నేరం. భారతీయ న్యాయ సంహిత 343వ సెక్షన్ కింద యావజ్జీవం గానీ, ఏడేళ్ల వరకు జైలు గానీ పడవచ్చు, జరిమానా అదనం. నోటీసులో ఈ సెక్షన్ను మర్యాదగా ప్రస్తావించడం తప్పు కాదు. మొదటి రోజే పోలీసు ఫిర్యాదుతో మొదలుపెట్టడం మాత్రం మేం సూచించం. అన్నదమ్ముల మధ్య మాట పూర్తిగా తెగిపోతే కాగితం బయటికి రావడం ఇంకా కష్టమవుతుంది.

ప్రశ్న: మా మామయ్య వీలునామాను కవరులో పెట్టి సీలు వేసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర ఇచ్చారట. దాన్ని ఎవరు తెరుస్తారు?

జవాబు: మీరే అడిగి తెరిపించవచ్చు. ఇది మామూలు రిజిస్ట్రేషన్ కాదు, రిజిస్ట్రేషన్ చట్టం 42వ సెక్షన్ కింద డిపాజిట్. కవరు మీద రాసినవారి పేరు, పత్రం ఏమిటన్నది రాసి ఉంటుంది. రిజిస్ట్రార్ దాన్ని 5వ పుస్తకంలో నమోదు చేసి, అగ్ని సోకని పెట్టెలో పెడతారు. లోపల ఏముందో ఆయనకూ తెలియదు. అందువల్ల 3వ పుస్తకంలో వెతికిస్తే ఇది దొరకదు. 5వ పుస్తకం కూడా చూడమని దరఖాస్తులో విడిగా రాయాలి.

మామయ్యగారు మరణించారని రిజిస్ట్రార్‌కు నమ్మకం కలిగితే, 45వ సెక్షన్ ప్రకారం దరఖాస్తుదారు ఎదుటే కవరు తెరిచి, ఆ విషయాన్ని 3వ పుస్తకంలోకి ఎక్కిస్తారు. ఖర్చు దరఖాస్తుదారుది. అసలు కాగితాన్ని మీకు ఇవ్వరు, తిరిగి అక్కడే భద్రపరుస్తారు. మీకు అందేది ధ్రువీకరించిన నకలు. కోర్టుకు అసలే కావాలంటే కోర్టు ఆదేశం మీద పంపిస్తారు. అయితే మామయ్యగారు బతికుండగానే ఆ కవరు వెనక్కి తీసుకుని ఉండొచ్చు. అలా తీసుకున్నారా అన్నదీ అడగండి.

ప్రశ్న: నాన్న పోయిన ఆరు నెలలకే తమ్ముడు ఏదో వీలునామా చూపించి పొలం తన పేరుకు మార్పించుకున్నాడు. మాకెవరికీ ఆ కాగితం చూపలేదు. ఆడపిల్లలం మా పేర్లు అందులో ఉన్నాయో లేవో కూడా తెలియదు.

జవాబు: అమ్మా, ముందు ఒక ఊరట: రెవెన్యూ రికార్డులో పేరు మారినంత మాత్రాన యాజమాన్యం తేలిపోదు. మ్యుటేషన్ (ఆ పేరు మార్పు) శిస్తు లెక్కల కోసం, హక్కు తేల్చేది సివిల్ కోర్టు.

పేరు మార్పు కోసం మీ తమ్ముడు తహసీల్దారు ఆఫీసులో ఆ వీలునామా నకలు ఇచ్చే ఉంటారు. ఆ ఫైలు మొత్తం – దరఖాస్తు, వీలునామా, నోటీసులు, వాంగ్మూలాలు, ఉత్తర్వు – ధ్రువీకరించిన నకళ్లు కావాలని రాసివ్వండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి; మామూలుగా ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మీకు నోటీసు ఇచ్చినట్టు ఫైల్లో ఉంటే దాని మీద ఎవరి సంతకం ఉందో చూడండి. చాలా తగాదాలు ఆ ఒక్క సంతకం దగ్గరే తేలాయి. ఉత్తర్వు మీద అప్పీలుకు గడువుంటుంది కాబట్టి ఫైలు అందిన వారంలోనే లాయరుకు చూపించండి.

వీలునామా రిజిస్టరై ఉందని భయపడొద్దు. రిజిస్టరైనా సరే, దాన్ని కోర్టులో రుజువు చేయాల్సిందే. భారతీయ సాక్ష్య అధినియమం 67వ సెక్షన్ ప్రకారం సాక్షుల్లో ఒకరైనా బతికుండి వాంగ్మూలం ఇవ్వగల స్థితిలో ఉంటే వారిని పిలిపించి తీరాలి. లాభపడినవారే దగ్గరుండి రాయించడం, సంతకం వణికినట్టుండటం, కారణం చెప్పకుండా ఆడపిల్లలనో భార్యనో పూర్తిగా వదిలేయడం లాంటి అనుమానాలుంటే వాటిని తీర్చాల్సిన భారం వీలునామా తెచ్చినవారి మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. ఆ తర్వాత వచ్చిన తీర్పులన్నీ ఆ బాటలోనే నడిచాయి.

ఇంకో సంగతి. మీ నాన్నగారు రాయగలిగింది తన స్వార్జితాన్ని, ఉమ్మడి ఆస్తిలో తన వాటాను మాత్రమే. పొలం పిత్రార్జితమైతే అందులో మీ వాటా ఆయన వీలునామాతో పోదు. అసలు వీలునామా నిలబడకపోతే, హిందూ వారసత్వ చట్టం కింద కొడుకులు, కూతుళ్లు, భార్య, ఆయన తల్లి జీవించి ఉంటే ఆవిడ – అందరికీ సమాన వాటాలు. అంటే మీ పేరు వీలునామాలో లేకపోయినా కథ అయిపోలేదు.

తమ్ముడు ప్రొబేట్‌కు వెళ్లారేమో కూడా చూసుకోండి. తెలుగు రాష్ట్రాల్లో రాసి, ఇక్కడి ఆస్తికే చెందిన వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు కాబట్టి కోర్టు రికార్డులో లేదంటే వీలునామా లేదని అర్థం కాదు. వెళ్లి ఉంటే మాత్రం ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో జిల్లా కోర్టును ఎంచుకుని, పార్టీ పేరు, సంవత్సరం వేసి వెతికితే దొరుకుతుంది. మీ నాన్నగారి పేరుతో కాదు, పిటిషన్ వేసే మీ తమ్ముడి పేరుతో వెతకండి. ఇంకా వేయకపోతే భారత వారసత్వ చట్టం 284వ సెక్షన్ కింద కేవియట్ (ముందస్తు అభ్యంతర పత్రం) దాఖలు చేయండి. మీకు నోటీసు రాకుండా కేసు ముందుకు సాగదు. మీకు చెప్పకుండా ఇప్పటికే ప్రొబేట్ పొంది ఉంటే, పిలవాల్సినవాళ్లను పిలవలేదన్న కారణం మీద దాన్ని రద్దు చేయమని 263వ సెక్షన్ కింద అడగవచ్చు.

ప్రశ్న: వీలునామాలో నా పేరు దొరికింది. ‘ఫలానా సర్వే నంబరులో రెండెకరాలు’ అని ఉంది. ఇక అది నాదేనా?

జవాబు: ఆ రెండెకరాలు వీలునామా రాసినవారు చనిపోయేనాటికి వారి పేరు మీద ఉంటేనే. మధ్యలో అమ్మేసి ఉంటే ఆ కానుక పోయినట్టే, దాని బదులు డబ్బు అడగలేరు. అందుకే ఇప్పుడు ఈసీ తీయాలి. అప్పులుంటే అవి ముందు తీరాలి. ఎగ్జిక్యూటర్ ఉంటే ఆయన సమ్మతితోనే మీ హక్కు పూర్తవుతుంది. మరణించిన ఏడాది లోపు ఇచ్చి తీరాలని ఆయనను బలవంతపెట్టలేరు. ఆ తర్వాత కూడా ఇవ్వకపోతే దావాకు పన్నెండేళ్ల గడువుంది. ప్రొబేట్ దరఖాస్తుకు మాత్రం హక్కు తలెత్తిన నాటి నుంచి మూడేళ్లే అని సుప్రీంకోర్టు అంది. ఈ రెండు గడువులూ కలిపేసుకోకండి.

పేరున్న మనిషే ముందు చనిపోతే ఆ కానుక సాధారణంగా చెల్లదు. రాసినవారి సంతానానికి ఇచ్చినదైతే, ఆ సంతానం పోయినా వారి పిల్లలుంటే చెల్లుతుంది.

ప్రశ్న: బ్యాంకులో బాబాయి నన్ను నామినీగా పెట్టారు. వీలునామాలో కూడా నా పేరున్నట్టేగా?

జవాబు: రెండూ వేరు. నామినీ డబ్బు అందుకునే మనిషి. దాన్ని వీలునామాలో ఉన్నవారికో, వారసులకో అప్పగించాలి. బీమా విషయంలో 1984లో, షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది (బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వారిదే). పదేళ్లుగా కదలని బ్యాంకు ఖాతాలుంటే రిజర్వు బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్‌లో ఆయన పేరుతో వెతకండి.

ప్రశ్న: పక్కింటి పెద్దాయన వీలునామాకు నేను సాక్షి సంతకం చేశాను. చదవనివ్వలేదు. నాకేమైనా రాశారేమో తెలుసుకోవచ్చా?

జవాబు: సాక్షి చూసేది సంతకాన్నే, లోపలి విషయం చదవాల్సిన పని లేదు. కాబట్టి ఆయన చేసింది తప్పు కాదు. ఆయన పోయాక అందరిలాగే నకలు అడగండి. సాక్షికి గానీ, సాక్షి భార్యకు లేదా భర్తకు గానీ ఇచ్చిన కానుక చెల్లదని వారసత్వ చట్టం 67వ సెక్షన్ అంటుంది. అది హిందువుల వీలునామాలకు వర్తించదు, క్రైస్తవులకు వర్తిస్తుంది.

ప్రశ్న: మేం ముస్లింలం. పై నియమాలే మాకూనా?

జవాబు: 3వ పుస్తకం, 5వ పుస్తకం నకళ్ల నియమాలు అందరికీ ఒకటే. చెల్లుబాటు మాత్రం షరియా ప్రకారం. వారసుల సమ్మతి లేకుండా, అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడోవంతుకు మించి వసీయత్ (వీలునామా) చెల్లదు. నోటిమాటగా చెప్పిన వసీయత్ కూడా చెల్లవచ్చు కాబట్టి, కాగితం దొరకలేదని వదిలేయకుండా ఆ మాట విన్నవాళ్లెవరో ఆరా తీయండి.

ప్రశ్న: అమెరికాలో ఉండే మా పెద్దమ్మ పోయారు. ఇంగ్లండులోనూ ఇల్లుందట. ఇక్కణ్ణుంచి ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఈ రెండు దేశాల్లో మనకంటే సులువే. ఇంగ్లండు, వేల్స్‌లో ప్రొబేట్ మంజూరయ్యాక వీలునామా బహిరంగ పత్రమవుతుంది. 1858 నుంచి రికార్డులున్నాయి. ప్రభుత్వ వెబ్‌సైటులో పేరు, మరణించిన సంవత్సరం వేసి వెతికి, రుసుము కట్టి నకలు తెప్పించుకోవచ్చు. మంజూరుకు ముందు మాత్రం ఎగ్జిక్యూటర్ ఎవరికీ చూపించాల్సిన పని లేదు. ఇంకా కాలేదనుకుంటే ‘స్టాండింగ్ సెర్చ్’ అని ఒక దరఖాస్తు ఉంది: ఆరు నెలల్లోగా మంజూరైతే నకలు మీకు పంపుతారు, ఆ గడువును మళ్లీ పొడిగించుకోవచ్చు.

అమెరికాలో దేశం మొత్తానికీ ఒకే జాబితా లేదు. ఆవిడ నివసించిన కౌంటీ ప్రొబేట్ కోర్టులో అడగాలి. న్యూయార్క్‌లో దాన్ని సరోగేట్స్ కోర్టు అంటారు. అక్కడ దాఖలైన వీలునామాను ఎవరైనా చూడవచ్చు. వీలునామా దగ్గరున్నవారు దాన్ని కోర్టుకు అందించాలని చాలా రాష్ట్రాల్లో చట్టముంది. కాలిఫోర్నియాలో మరణం తెలిసిన ముప్పై రోజుల్లోగా. అయితే అక్కడ చాలామంది వీలునామాకు బదులు లివింగ్ ట్రస్టు (బతికుండగానే ఆస్తులను ట్రస్టు పేర పెట్టే ఏర్పాటు) పెట్టుకుంటారు, అది కోర్టు రికార్డులోకి రాదు. కోర్టులో ఏమీ దొరక్కపోతే ట్రస్టీ (ఆ ట్రస్టును నడిపే మనిషి) ఎవరో కనుక్కుని, ట్రస్టు పత్రం నకలు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. కాలిఫోర్నియాలో ట్రస్టు పెట్టిన మనిషి పోయిన అరవై రోజుల్లోగా ట్రస్టీయే లబ్ధిదారులకు, వారసులకు నోటీసు పంపాలి. ఆ నోటీసు వెళ్లేది వాళ్ల దగ్గరున్న చిరునామాకే, కాబట్టి మీ ఇప్పటి చిరునామా, ఈమెయిలు ముందే వాళ్లకు రాసి పంపండి.